ఆశాలకు శిక్షణ ఇవ్వడం కూడా కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా ఒక పల్లెలో ఎంఎల్‌హెచ్‌పీగా (సబ్‌సెంటర్‌ను చూసుకునే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేయమన్నాం. అది వద్దంటే ఎంపీహెచ్‌కి (ప్రజారోగ్యంలో పీజీకి) అమెరికా పంపుతామన్నాం, బ్యాంకులో లోన్ గురించి కూడా మాట్లాడాను. తనేమో ఆశా వర్కర్ల ట్రైనింగ్ వైపు వెళ్తానంటోంది. ఇంత చదివి ఆశాలకు పాఠాలు చెప్పుకోవడమా? సంబంధాలు చూస్తున్నాం. మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: పోల్చి చెబుతాను. దానికంటే ముందు మీ ప్రశ్న వెనకున్న భయం గురించి మాట్లాడుకుందాం. మీరు జీతం ఎంతొస్తుందని ఒక్క మాట కూడా అడగలేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. ఇదే భయంతో నా దగ్గరికి చాలామంది తల్లిదండ్రులు వస్తారు. ఒకరు ఫిజియోథెరపీ అంటారు, ఇంకొకరు సోషల్ వర్క్ అంటారు. కోర్సు పేరు మారుతుంది, బెంగ మాత్రం అదే.

అయ్యా, "ఆశాలకు పాఠాలు చెప్పుకోవడమా" అన్న మాట నాకు బాధ కలిగించింది. మీ ఊళ్లో కాన్పయి ఇంటికొచ్చిన బాలింతను, బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాల్సింది ఆశానే. బిడ్డ బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతుంది. రెండు నెలల్లోపు పసికందుకు ఆ లెక్క 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. పదో తరగతి చదివిన ఒక మహిళ ఆ లెక్క తప్పకుండా చేయగలుగుతోందంటే ఎవరో ఆమె పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పారన్నమాట. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనే.

ఈ పనికి ఎంత శక్తి ఉందో గడ్చిరోలి చూపించింది. మహారాష్ట్రలోని ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణ నేర్పించారు. ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఈరోజు ఆశాలు చేస్తున్న ఇంటి సందర్శనలకు మూలం అక్కడే ఉంది.

ట్రైనింగ్ అంటే బోర్డు ముందు నిలబడి మాట్లాడటమని మీరు అనుకుంటున్నట్టున్నారు. దేశంలో దాదాపు 10 లక్షల మంది ఆశాలున్నారు. పైస్థాయిలో తయారైన మాడ్యూల్ (శిక్షణ పాఠాల పుస్తకం) రాష్ట్ర ట్రైనర్లకు, వాళ్ల నుంచి జిల్లా ట్రైనర్లకు, అక్కడి నుంచి ఆశాలకు చేరుతుంది. దిగే కొద్దీ విషయం పలచబడుతుంది. పైన చేత్తో చేయించి నేర్పినది కిందికొచ్చేసరికి స్లైడ్లు చూపించి ముగించేస్తారు. 6, 7 మాడ్యూళ్లకు నాలుగు విడతల్లో 20 రోజుల శిక్షణ పెట్టింది, మధ్యలో ఊళ్లో సాధన చేసి మళ్లీ రావాలనే. ఆ మధ్యకాలంలో ఇంటింటికీ వెంట వెళ్లి చూసి, తప్పు దిద్దేవాళ్లు లేకపోతే నేర్చుకున్నది నిలవదు. ఎవరికి ఏది రావడం లేదో పసిగట్టడం, ట్రైనింగ్‌కు వచ్చినవాళ్లకు దారి ఖర్చులు వేళకు అందేలా చూడటం, చంటిబిడ్డతో వచ్చిన ఆశా క్లాసులో కూర్చోగలిగేలా ఏర్పాట్లు చేయడం, యాప్‌లో ఎంట్రీల పని పెరిగి ఇళ్లకు వెళ్లడం తగ్గుతోందేమో గమనించడం, ముందుకు చదువుకోవాలనుకునే ఆశాకు ఏఎన్‌ఎం కోర్సు దారి చూపడం... ఇవన్నీ ఈ ఉద్యోగంలో భాగమే. పెద్ద కంపెనీలో ఇదే పని చేస్తే హెచ్‌ఆర్ అంటారు, అప్పుడు మీకు చెప్పుకోవడానికి ఇబ్బంది ఉండదు.

ఇక అమెరికా ఎంపీహెచ్. ఇక్కడ నాకు చాలా సందేహాలున్నాయి. సాధారణ ఎంపీహెచ్ చాలా యూనివర్సిటీల్లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు కింద లెక్కలోకి రాదు. అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. ఎపిడెమియాలజీ (జబ్బుల వ్యాప్తి అధ్యయనం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) లాంటి స్టెమ్ విభాగాలకైతే మరో 24 నెలలు దొరికే అవకాశం ఉంది, కానీ వాటిలో పనంతా డేటాతో. మీ అమ్మాయి మనసు మనుషులతో చేసే పని మీద ఉంది. డబ్ల్యూహెచ్‌ఓలో ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉంటారు. అలాంటి పోస్టులకు డిగ్రీ ఒక్కటే చాలదు, ఏళ్ల తరబడి అనుభవం అడుగుతారు. 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేయడంతో ప్రపంచ ఆరోగ్య రంగంలో ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయి, అనుభవమున్నవాళ్లు కూడా ఉద్యోగాల వేటలో పడ్డారు. ఇలాంటి సమయంలో ఇల్లు తాకట్టు పెట్టి పంపమని నేను ఎవరికీ చెప్పలేను. అమ్మాయి అడగని చదువుకు మీరు లోన్ మాట్లాడి రావడమూ సరికాదు.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ చెడ్డదేం కాదు. నగరంలో, కార్పొరేట్ ఆసుపత్రిలో, బిల్లింగ్, ఇన్సూరెన్స్, ఆపరేషన్స్ వైపు ఇష్టంగా పనిచేసేవాళ్లకు అది బాగుంటుంది. మీ అమ్మాయికి ఆ ఇష్టం లేదని మీ ఉత్తరమే చెబుతోంది.

ఆమెకు నేను సూచించేది మన దేశంలోనే ఎంపీహెచ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), త్రివేండ్రంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ముందుగా చూడాలి. అర్హతలు, ఫీజులు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంను, ఆశాలను కలుపుకుని టీమ్‌ను నడిపిన రెండేళ్ల అనుభవం ఆమె చేతిలో ఉంది. నేరుగా డిగ్రీ నుంచి వచ్చే తోటి విద్యార్థుల్లో చాలామందికి అది ఉండదు. చదువయ్యాక జాతీయ ఆరోగ్య మిషన్ రాష్ట్ర, జిల్లా కార్యాలయాలు, శిక్షణ సంస్థలు, యునిసెఫ్, పాథ్, పిరమల్ స్వాస్థ్య లాంటి సంస్థల వైపు ప్రయత్నించవచ్చు.

ఒక్క విషయం దాచకుండా చెబుతాను. ఈ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టువి, ప్రాజెక్టువి. పర్మనెంట్ ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్లు రాయడం ఆపొద్దు. రెండూ కలిపి నడుపుకోవచ్చు, కంగారేం లేదు. వేళకు రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే ఆమె నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోదు. ట్రైనింగ్ వైపు వెళ్లి నచ్చకపోయినా వెనక్కి వచ్చి నర్సుగా బతకగలదు. అన్ని చదువులకూ ఆ వీలుండదు, కాబట్టి మీరు రాత్రుళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

పెళ్లిచూపుల్లో అడిగితే "పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇస్తుంది" అని గట్టిగా చెప్పండి. మీరే నసుగుతూ చెబితే వాళ్లూ చిన్నచూపే చూస్తారు. ఆ పనిని చిన్నతనంగా చూసే ఇంటికి ఆమెను పంపాలనుకోవడం మీద నాకు కోపం కూడా ఉంది, క్షమించండి.

ఇప్పటికి లోన్ సంగతి పక్కన పెట్టండి. పీహెచ్‌సీలో నెలనెలా జరిగే ఆశా డేలో ఒక గంట తనకు ఇమ్మని మెడికల్ ఆఫీసర్‌ను అమ్మాయి అడగాలి. ఒక్క నైపుణ్యమే తీసుకోవాలి, ఊపిరి లెక్కపెట్టడమైనా సరే. ముందు ఎంతమందికి వచ్చు, నెల తర్వాత ఎంతమందికి వచ్చింది అన్నది రాసిపెట్టుకోవాలి. ఆరు నెలలు అలా చేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే ఎంపీహెచ్‌కి అప్లై చేయమనండి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ గురించి చెబితే మంచి ప్రశ్నలే వస్తాయి.