అంతర ఇంజెక్షన్ ఆపాక గర్భం ఆలస్యమవుతోందా?

చెల్లీ, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర సూది చివరిసారి జనవరిలో వేయించుకున్నారని, జూలై వచ్చినా నెలసరి తిరిగి రాలేదని, ‘ఆ సూది వల్లే గర్భసంచి పాడైంది’ అని అత్తగారు అంటున్నారని రాశారు. పాడవలేదు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఆ సూదిలోని హార్మోను మందు ఒంట్లో నిల్వ ఉండి, కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది. మూడు నెలలకు గడువు ముగిసినా దాని ప్రభావం అంతటితో పోదు. అది తగ్గేదాకా అండం విడుదల కాదు. అందుకే చివరి సూది నుంచి లెక్కిస్తే గర్భం నిలవడానికి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మీకు ఆరు నెలలే అయింది. మీ తోడికోడలికి కాపర్-టీ తీయించిన నెలకే నిలిచిందన్నారు. కాపర్-టీలో హార్మోను ఉండదు, తీయగానే అవకాశం మొదలవుతుంది. ఆవిడతో పోల్చుకోకండి.

నాకూ ఇదే గడిచింది. వంటింటి క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టడానికి తేదీయే ఉండేది కాదు. ఎనిమిదో నెలలో మొదటి చుట్టు పడింది. పదకొండో నెలలో మా పాప కడుపున పడింది.

ఈలోగా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టండి. నెలసరి రాలేదు కాబట్టి ఒకసారి మూత్ర పరీక్ష కూడా చేసుకోండి, నెలసరి తిరిగి రాకముందే గర్భం నిలవవచ్చు. వయసు 35 దాటి ఉంటే మాత్రం ఆగకండి, ఈ వారమే స్త్రీల వైద్యురాలిని కలిసి థైరాయిడ్ కూడా చూపించుకోండి.