నారు పోసే ముందు నూరు గింజలు

చిరంజీవి మేనల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన విత్తన వడ్ల ఫొటో చూశాను. గింజ నిగనిగలాడుతోంది, మచ్చ లేదు. కానీ ఫొటోలో మొలక కనపడదు కదా నాయనా. మీ పక్క చేను ఆయన విత్తనానికి ఇస్తానన్నది ఎడగారులో, అంటే పెద్ద పంటకు ముందు వేసే కారులో, పండిన నెల్లూరు మసూరి అన్నావు. అవి కోసి నెల కూడా కాలేదు. మన పెన్నా డెల్టాలో ఎప్పుడూ ఉండే చిక్కే ఇది. ఒక కారులో కోసిన వడ్లనే వెంటనే వచ్చే కారుకు నారు పోస్తాం. గింజ అప్పటికి ఇంకా నిద్రలోనే, అంటే బతికే ఉన్నా మొలకెత్తకుండా, ఉండొచ్చు. మొలవలేదని మంచి విత్తనాన్ని తిట్టుకునేవాళ్లు ఉన్నారు, చచ్చిన విత్తనాన్ని నిద్రలో ఉందనుకుని నారుమడిలో చల్లేవాళ్లూ ఉన్నారు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడమే ఇప్పుడు నీ పని.

ముందు నూరు గింజలు తీసుకో. ఏరొద్దు. బస్తా పైన, మధ్యలో, అడుగున చెయ్యి పెట్టి తలా పిడికెడు తీసి కలుపు. అందులోంచి చేతికి వచ్చినవి వచ్చినట్టే లెక్కపెట్టు. మనవాళ్లు బలమైన గింజలు ఏరి నానబెట్టి, తొంభై అయిదు మొలిచాయని మురిసిపోతుంటారు. ఓపికుంటే నాలుగు నూర్లు విడివిడిగా పెట్టు, ల్యాబులోనూ అంతే చేస్తారు. ఒక రాత్రి నానబెట్టి, తడిపి పిండిన గోనెపట్టా మీద వరసగా పేర్చి, చుట్టి నీడన పెట్టు. ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తుండు. అయిదో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు మళ్లీ విప్పి చూడు. వేరూ మొలకా రెండూ చక్కగా వచ్చినవే లెక్క. ముక్కు పగిలి ఆగిపోయినవి వదిలెయ్యి. ఎనభైకి తగ్గకూడదు. సర్టిఫైడ్ వరి విత్తనానికి పెట్టిన కనీస హద్దు కూడా అదే. అరవై వస్తే మోతాదు పెంచి చల్లుకుందాం అంటారు కొందరు. నాకది నచ్చదు. నూటికి నలభై పాడైన బస్తాలో, మొలిచినవాటికి మాత్రం బలం ఎక్కడుంటుంది?

తక్కువ మొలిస్తే వెంటనే బస్తా వెనక్కి పంపకు. ఇంకో నూరు గింజలు నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో 24 గంటలు నానబెట్టు. నిద్ర తక్కువ ఉండే రకాలకు లీటరు నీళ్లకు 6.3 మి.లీ., ఎక్కువ ఉండేవాటికి 10 మి.లీ. నూరు గింజలకైతే గ్లాసు నీళ్లు చాలు, కొలత ఆ లెక్కనే వేసుకో. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. ప్లాస్టిక్ గిన్నె వాడు, చేతికి తొడుగు వేసుకో, పిల్లల్ని దగ్గరికి రానీయకు. తర్వాత బాగా కడిగి మామూలుగానే గోనెలో చుట్టు. ఇవి మొలిచి మొదటివి మొలవకపోతే విత్తనం నిద్రలో ఉందన్నమాట. రెండూ మొలవకపోతే బేరం వదులుకో.

ఇక అసలు సంగతి. మొలక నూటికి నూరు వచ్చినా అది ఏ రకమో మొలక చెప్పదు. బెరుకులు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, బయటపడేది పైరు పొట్ట మీదికి వచ్చాక, అప్పుడు చేసేదేమీ ఉండదు. ఆయన్ని ఒకటే అడుగు: కోత మిషన్‌తో కోయించాడా, మిషన్ అంతకుముందు ఎవరి చేలోంచి వచ్చింది? మిషన్ లోపల మిగిలిన వడ్లు తర్వాతి చేను వడ్లలో కలుస్తాయి. విత్తనానికి ఉంచుకునేవాళ్లు మొదటి బస్తాలు పక్కన పెట్టేయాలి, లేదా నడిమి మడి చేత్తో కోయించుకోవాలి. మెడవిరుపు వచ్చిన చేను గింజైతే అసలు వద్దు. అది అగ్గి తెగులే, గింజతో పాటే వస్తుంది. రెండు పిడికెళ్లు పొట్టు తీసి చూడు, ఎర్ర బియ్యం కనిపించినా మీసాల గింజలు కనిపించినా అనుమానించాల్సిందే. పంటికింద పెట్టి కొరుకు. కటుక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. 13 శాతం దాటితే నిల్వకు పనికిరాదు.

షాపు బస్తాకే వెళ్తావా, వెళ్లు. కాకపోతే బస్తా మీద బొమ్మ చూసి కొనకు. నీలం ట్యాగు ఉంటే విత్తన సర్టిఫికేషన్ సంస్థవాళ్లు చేను చూసి ఇచ్చింది. ఆకుపచ్చది కంపెనీ తన మాట మీద తాను కట్టుకున్నది. పరీక్ష చేసిన తేదీ, గడువు చదువు. కుట్టు విప్పి మళ్లీ వేసినట్టుంటే తీసుకోవద్దు. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకో. బిల్లు, ట్యాగు, ఖాళీ సంచి, పిడికెడు గింజలు కోత అయ్యేదాకా దాచు. తేడా వస్తే వ్యవసాయాధికారి ముందు మాట్లాడటానికి నీ చేతిలో ఉండేవి అవే.

ఉప్పు నీళ్లలో తేల్చడం మీ అమ్మకి తెలుసు. కోడిగుడ్డు రూపాయి బిళ్లంత పైకి తేలేదాకా ఉప్పు వెయ్యడం, తేలిన తాలు తీసెయ్యడం, మునిగినవి రెండుసార్లు మంచినీళ్లతో కడగడం. మండె కట్టేటప్పుడు, అంటే నానబెట్టి మొలక కట్టేటప్పుడు, కిలోకి గ్రాము కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు నీళ్లలో కలపడం మరవకు.

కాలవకి నీళ్లు వదిలేదాకా ఆగకు, రేపే గోనె చుట్టు. నూటికి ఎన్ని మొలిచాయో, యాసిడ్ నూరు కూడా పెడితే అవెన్నో నాకు ఫోన్ చేసి చెప్పు. ఎకరానికి ఎన్ని కిలోలో అప్పుడు చూద్దాం.

మీ అత్త