ముక్క పడనప్పుడు అప్పు తెచ్చి ఆడొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు కుందలహళ్లిలో ఉంటున్నాం. నాకు 33 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని, చేతికి నెలకు రూ.1,18,000 వస్తుంది. పాప ఎల్‌కేజీ. ఇక్కడి యాప్‌లో రెండేళ్లు హోల్డెమ్ పోకర్ ఆడి రూ.2,10,000 సంపాదించాను. 2025 ఆగస్టులో ఆ యాప్‌లో డబ్బు ఆట ఆగిపోయింది. అప్పట్నుంచి ఒక ఏజెంటు ద్వారా విదేశీ సైటులో లోబాల్ ఆడుతున్నాను. డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రా, 500-1,000 టేబుల్. ఏడు నెలల్లో రూ.5,40,000 పోయింది. పర్సనల్ లోన్ రూ.3,50,000, క్రెడిట్ కార్డు మీద రూ.1,60,000, ఒక స్నేహితుడికి రూ.60,000 ఇవ్వాలి. సైటులో ఇంకా రూ.38,000 ఉంది. ప్రతి సెషన్ ఎక్సెల్‌లో రాసుకుంటాను, షీటు జత చేస్తున్నాను. ఆట తెలుసు, ముక్క పడటం లేదు అంతే. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు కదా. ఇంకో 3 లక్షలుంటే ఈ బ్యాడ్ రన్ దాటేస్తాను. పీఎఫ్ తీయాలా, లోన్ టాప్-అప్ చేయించాలా, మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టాలా? ఆమెకు ఇవేవీ తెలియవు. లేక ఆటే మానేయాలా?
పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: మూడూ వద్దు. మీకు ఆట రాదని నేను అనడం లేదు. మీరన్నట్టు ముక్క పడకపోవడమే అసలు కారణమైనా, అప్పు డబ్బుతో ఆ కాలాన్ని దాటలేరు. మీ షీటు ముందు పెట్టుకునే చెబుతున్నాను.

ముందు మీ మాటలో నిజమెంతో చూద్దాం. ఈ ఆట తెలియని పాఠకుల కోసం ఒక్క మాట: లోబాల్‌లో చిన్న ముక్కలున్నవాడే గెలుస్తాడు. మీరు ఆడే రకంలో ఆసు పెద్ద ముక్క కింద లెక్క. చేతిలోని అయిదు ముక్కలూ వరుసగా కుదిరినా, అన్నీ ఒకే గుర్తువైనా చెయ్యి చెడినట్టే. అన్నిటికన్నా మంచి చెయ్యి 7-5-4-3-2. మూడుసార్లు ముక్కలు మార్చుకోవచ్చు. ఇప్పుడు మీ చేతిలో 2-3-4-7 ఉంది, ఒక్క ముక్క కోసం చూస్తున్నారు అనుకుందాం. అయిదు, ఆరు, ఎనిమిది, వీటిలో ఏది పడినా చెయ్యి తయారైనట్టే. అంటే పన్నెండు ముక్కలు. మూడు అవకాశాలూ వాడుకుంటే వందకు దాదాపు అరవైసార్లు పడుతుంది, నలభైసార్లు పడదు. ఇది చాలా మంచి మొదలు, అయినా పదిసార్లలో నాలుగుసార్లు వట్టి చేతులే. పడ్డ అరవైలోనూ మీ 8-7ను ఎదుటివాడి 7-6 కొట్టేస్తుంది. మీ టేబుల్‌లో ఎవరూ పెంచకపోయినా ఒక చెయ్యి చివరిదాకా చూడాలంటే నాలుగు విడతల పందెం 500, 500, 1,000, 1,000, మొత్తం మూడు వేలు. కాబట్టి వారాల తరబడి వరుసగా పోవడం మంచి ఆటగాడికీ జరుగుతుంది. ఇంతవరకూ మీతో ఏకీభవిస్తాను.

కానీ మీరడిగిన 3 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా అర్థమైంది. ఇలా పందెం ఎంతో ముందే కట్టేసిన లిమిట్ ఆటలకు 300 బిగ్ బెట్ల (చివరి విడతల పెద్ద పందేల) డబ్బు ఉండాలనే పాత సూత్రం ఒకటుంది. మీ టేబుల్‌లో బిగ్ బెట్ వెయ్యి, అంటే సరిగ్గా 3 లక్షలు. ఆ సూత్రం, గెలుస్తాడని ఇప్పటికే తేలిన ఆటగాడు ఎంత పక్కన పెట్టుకోవాలో చెబుతుంది. మీకు ఇప్పటికే 540 బిగ్ బెట్లు పోయాయి.

మీ షీటులో 18,000 హ్యాండ్లు, అంటే ముక్కలు పంచి ఆడిన ఆటలు, ఉన్నాయి. ప్రతి వంద హ్యాండ్లకు ఎగుడుదిగుడు సుమారు 18 బిగ్ బెట్లని మీరే లెక్కకట్టారు. 18,000 అంటే 180 వందలు. 180కి వర్గమూలం 13.4. దాన్ని 18తో హెచ్చిస్తే 241. అంటే లాభమూ నష్టమూ లేని ఆటగాడికి ఇన్ని హ్యాండ్లలో అదృష్టం వల్ల అటో ఇటో 241 బిగ్ బెట్లు తేడా రావడం మామూలే. దానికి రెట్టింపు, 482, అరుదు. మీది దాన్నీ దాటింది. కేవలం దురదృష్టం వల్ల ఇంత పోవడం వందమందిలో ఒకరికో ఇద్దరికో జరగొచ్చు. ఆ ఒక్కరూ మీరే కావచ్చు. కానీ ఇంటి అద్దె, పాప ఫీజు ఆ ఒక్క అవకాశం మీద పెట్టలేం.

ఇంకో విషయం, మీరు గమనించలేదేమో. మీరు గెలిచిన రెండేళ్లు హోల్డెమ్‌లో, ఆఫీసు అయ్యాక కాలక్షేపానికి వచ్చే జనం మధ్య. ఇప్పుడు ఆడుతున్నది వేరే ఆట, వేరే మనుషులతో. లోబాల్ టేబుళ్లకు కొత్తవాళ్లు తక్కువ వస్తారు, అవే పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, చాలామంది ఏళ్ల తరబడి ఇదే ఆడుతున్నవాళ్లు. పాత గ్రాఫు పైకి వెళ్లిందని ఈ ఆటలోనూ వెళ్తుందనుకోవడానికి ఆధారం లేదు.

ఇక అసలు లెక్క. కార్డు మీద రూ.1,60,000కు నెలకు 3.5 శాతం వడ్డీ అంటే రూ.5,600. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.1,008. మీరు నెలనెలా కడుతున్న మినిమమ్ 8,000లో రూ.6,600 వడ్డీకే పోతోంది, అసలు తగ్గేది 1,400. పర్సనల్ లోన్ ఈఎంఐ రూ.9,740. పైన ఇంకో 3 లక్షలు 15 శాతానికి నాలుగేళ్లకు తెస్తే మరో రూ.8,350. మూడూ కలిపితే నెలకు రూ.24,700, అంటే మీ టేబుల్‌లో దాదాపు 25 బిగ్ బెట్లు. మీరు నెలకు ఆడేది సుమారు 2,570 హ్యాండ్లు. అంటే కేవలం అప్పులు మోయడానికే వంద హ్యాండ్లకు ఒక బిగ్ బెట్ చొప్పున గెలవాలి. లిమిట్ ఆటల్లో అంత మిగిలితే మంచి ఆటగాడి కింద లెక్క. రేపటి నుంచి మీరు అంత బాగా ఆడినా, ముక్కలు అనుకూలంగా పడినా, ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. అప్పులేని మనిషి బ్యాడ్ రన్ వస్తే ఆట ఆపి నెల తర్వాత రావచ్చు. మీకు ఆ వీలు లేదు, ఈఎంఐ ఆగదు.

గెలిచిన 2,10,000 ఏమైందో షీటు చివర రాశారు: ఫ్రిజ్, తిరుపతి ప్రయాణం, చెల్లెలి పెళ్లికి కొంత. అందులో తప్పు లేదు. కానీ గెలుపు ఇంటికి ఖర్చయింది, ఓటమి అప్పుగా మిగిలింది. ఆటకని పక్కన పెట్టిన సొమ్ము మీకు ఎప్పుడూ లేదు.

షీటులో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది జనవరి 10, శనివారం రాత్రి. 9:40కి మొదలుపెట్టారు. 11:30కి రూ.17,000 పోయింది. 1:15కి 1,000-2,000 టేబుల్‌కు మారారు, షీటులో అంతకుముందు ఎక్కడా లేని టేబుల్ అది. 3:50కి ఆపేసరికి పోయింది రూ.64,000. ఎదురుగా గడిలో “ముక్క పడలేదు” అని రాశారు. ఆ రాత్రి రెట్టింపు టేబుల్ ఎక్కించింది ముక్క కాదు. అలాంటి రాత్రులు షీటులో ఇంకా ఉన్నాయి, అన్నీ పెద్ద నష్టం వచ్చిన రోజులే. ఉంగరం పోతే పోగొట్టుకున్న చోటే వెతకాలి, ఎందుకంటే అది అక్కడే పడి ఉంటుంది. మీ డబ్బు ఆ టేబుల్ దగ్గర లేదు, ఎవరో తీసుకుని వెళ్లిపోయారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. బ్యాంకులు ఆ చెల్లింపులు జరపకూడదు. ఆడేవారికి శిక్ష పెట్టలేదు, కానీ రక్షణా లేదు. సైటు బ్యాలెన్స్ ఇవ్వకపోతే, ఏజెంటు ఫోన్ ఎత్తకపోతే మీరు వెళ్లి అడగగలిగే చోటు లేదు. పైగా ఏజెంటు డబ్బు ఎవరెవరి ఖాతాల నుంచో వస్తుంది. అందులో ఒక ఖాతా మీద సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఉంటే మీ జీతం ఖాతాను బ్యాంకు హోల్డ్‌లో పెట్టొచ్చు. ఇలా చిక్కుకున్నవాళ్లు కంపెనీకి, బ్యాంకుకు, పోలీస్ స్టేషన్‌కు తిరుగుతూనే ఉంటారు. అందుకే ఆ 38,000ను ఈ రోజే సున్నాగా రాసుకోండి. దాన్ని విడిపించడానికి ముందు పన్ను కట్టాలనో, ఇంకో డిపాజిట్ వేయాలనో ఏజెంటు అంటే ఒక్క రూపాయి కూడా పంపకండి.

పీఎఫ్ మీ పాప చదువు వయసుకూ మీ వృద్ధాప్యానికీ దాచిన సొమ్ము. అయిదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను కూడా పడుతుంది. టాప్-అప్ లెక్క పైనే చూశాం. నగల గురించి మాత్రం కచ్చితంగా చెబుతాను: అవి మీవి కావు. పుట్టింటివారు పెట్టినవి, పెళ్లిలో ఆమెకు వచ్చినవి స్త్రీధనం, చట్టప్రకారం ఆమె సొంత ఆస్తి. ఆమెకు తెలియకుండా తాకట్టు పెట్టే ఆలోచనే మనసులోంచి తీసేయండి. అన్నీ విన్నాక ఆమే ముందుకొచ్చి, నగల మీద తక్కువ వడ్డీకి తెచ్చి కార్డు తీర్చేద్దాం అన్నా, ఇప్పుడు వద్దనే అంటాను. లెక్కప్రకారం అది చౌకే. కానీ కార్డు ఒక్కసారిగా ఖాళీ అయితే లక్షా అరవై వేల లిమిట్ మళ్లీ మీ చేతిలోకి వస్తుంది, ఇప్పుడున్న పరిస్థితిలో అది ప్రమాదం.

ఆమెకు చెప్పాల్సింది మీరే, ఈ వారంలోనే. లోన్ స్టేట్‌మెంట్, కార్డు బిల్లు, స్నేహితుడి అప్పు, అన్నీ ఒకే కాగితం మీద రాసి, మొత్తం రూ.5,70,000 అని కింద వేసి చూపించండి. పాప నిద్రపోయాక కాకుండా, ఇద్దరూ అలసిపోని ఒక ఆదివారం ఉదయం మాట్లాడండి. సగం చెప్పి సగం దాచకండి. ఆ సగం రెండు నెలల తర్వాత బయటపడితే మొదటి సగాన్నీ ఆమె నమ్మదు.

తర్వాత చేయాల్సింది పెద్ద చిక్కేమీ కాదు. అద్దె 32,000, ఇంటి ఖర్చు 28,000, ఊళ్లో అమ్మానాన్నలకు 10,000, పాప ఫీజు నెల లెక్కన 8,000, లోన్ ఈఎంఐ 9,740 పోగా మీకు రూ.30,260 మిగులుతుంది. కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని 12 నెలల ఈఎంఐగా మార్చమని అడగండి. 16 శాతానికి ఇస్తే నెలకు రూ.14,500 చుట్టూ పడుతుంది, వడ్డీ మీద జీఎస్టీ అదనం. స్నేహితుడికి నెలకు పది వేలు, ఆరు నెలల్లో తీరుతుంది. మిగిలే అయిదు వేలు ఆస్పత్రి, మందుల్లాంటి అత్యవసరాలకు వేరే ఖాతాలో. ఏడాదికి కార్డు తీరుతుంది, అప్పటి నుంచి ఆ డబ్బు పర్సనల్ లోన్ మీదకు మళ్లించండి. ఈలోపు కార్డు లిమిట్ తగ్గించమనండి, యూపీఐ రోజువారీ పరిమితి రెండు వేలకు దించండి. జీతం పడగానే మీ ఖర్చుకు కొంత ఉంచుకుని మిగతాది ఆమె చూసే ఖాతాకు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి, ఆమె సరేనంటేనే.

పన్ను గురించి మీరు అడగలేదు, అయినా చూసుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం పన్ను, యాప్ టీడీఎస్ కోయాలి. పాత 2,10,000 మీద కోశారో లేదో ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. రిటర్నులో చూపకపోతే అప్‌డేటెడ్ రిటర్ను వేయండి. ఈ ఏడాది నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ కుదరదు.

ఆట మానేయాలా అని చివర్లో అడిగారు. మానేయాలి. ఉచిత చిప్స్ టేబుల్ కూడా ఈ ఏడాదికి వద్దు, చేతిలో 2-3-4-7 కనిపించగానే ఏజెంటు నంబరు గుర్తొస్తుంది. ఏజెంటు నంబరు, ఆ గ్రూపులు ఫోన్‌లోంచి తీసేయండి. రాత్రి పదకొండు తర్వాత మనసు లాగితే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్ వారి షట్ క్లినిక్‌కు వెళ్లొచ్చు. ఫోన్, ఆన్‌లైన్ ఆటల నుంచి బయటపడలేని వాళ్ల కోసం 2014 నుంచి నడుస్తోంది. సంక్రాంతికి ఊరెళ్లిన వారమంతా మీ షీటు ఖాళీగా ఉంది, ఆ వారం ఎలా గడిచిందో అక్కడి డాక్టరుకు చెప్పండి, పనికొస్తుంది.

కార్డు బ్యాంకు చెప్పే ఈఎంఐ రేటు 18 శాతం దాటితే ఒప్పుకోకండి. ఆ రేటు, ప్రాసెసింగ్ ఫీజు రాసి నాకు పంపండి. మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో అంతకన్నా తక్కువకు దొరుకుతుందేమో ఇద్దరం కలిసి చూద్దాం.