కర్రపెండలం స్టార్చ్‌తో తినే పొర

చిరంజీవి రవికి,

పెద్దమ్మ దీవెనలు. మసాలా పొట్లాలకు తినే పొర, అంటే మసాలాతోపాటే తినేయగల పలచని చుట్టు, నువ్వే తయారుచేస్తానన్నావని తెలిసి సంతోషించాను.

ముందు సరుకు సంగతి. కర్రపెండలం పిండి వేరు, స్టార్చ్ వేరు. పిండిలో పీచు ఉంటుంది, పొర అక్కడే చిరుగుతుంది. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో అడుగు, తినడానికి పనికొచ్చే రకమే తీసుకో. పొర మెత్తగా ఉండడానికి వేసే గ్లిజరిన్ కూడా అంతే, ఒంటికి రాసుకునేది వద్దు.

100 మి.లీ. చన్నీళ్లలో 4 గ్రాముల స్టార్చ్ కలుపు. వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత 1.2 గ్రాముల గ్లిజరిన్, అంటే సుమారు 1 మి.లీ. ఇది స్టార్చ్ బరువులో 30 శాతం. లెక్క నీళ్ల మీద కాదు, స్టార్చ్ మీదే వెయ్యాలి. బాగా తగ్గితే మడతలో విరుగుతుంది, 40 శాతం దాటితే చేతికి అంటుకుంటుంది. వానాకాలంలో 25 శాతం చాలు, గ్లిజరిన్ గాలిలో తేమ లాక్కుంటుంది. ఆత్రేయపురంలో పూతరేకును చుట్టేముందు తడిగుడ్డతో మెత్తబరుస్తారు కదా, ఆ తడి ఆరితే మళ్లీ పెళుసే. గ్లిజరిన్ ఆరిపోదు, అందుకే అది కావాలి.

గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి, నెమ్మదిగా కలుపుతూ 80 డిగ్రీలకు తెచ్చి, పది నిమిషాలు ఉంచు. తెల్లదనం పోయి గంజిలా మెరవాలి. వేడి చాలకపోతే స్టార్చ్ రేణువు పగలదు, పొరలో తెల్ల చుక్కలు మిగులుతాయి. గబగబా గిలకొడితే బుడగలు పడతాయి, ఎండాక ప్రతి బుడగా ఒక చిల్లే. గిన్నెను ముందూ తర్వాతా తూచి, ఆవిరై తగ్గినంత నీరు మళ్లీ పొయ్యి.

గోరువెచ్చగా అయ్యాక 20 సెం.మీ. చదరపు సిలికాన్ పళ్లెంలో పొయ్యి. రసమట్టం పెట్టి చూసుకో, పళ్లెం వాలితే ఒకవైపు దళసరి, ఒకవైపు పలచన. 40–45 డిగ్రీల్లో ఒక రాత్రంతా ఆరనివ్వు. తొందరపడి వేడి పెంచితే అంచులు ముందే ఎండి లేచి, మధ్యలో పగులుతుంది. ఆరాక ఊడకపోతే లాగకు. గంటసేపు గదిలో వదిలితే తేమ తీసుకుని అదే వస్తుంది. సుమారు 0.1 మి.మీ. మందం దక్కుతుంది.

అంచులు కాస్త తడిచేసి నొక్కితే అతుక్కుంటాయి. వేడినీళ్లలో వేసే పొడి మసాలాకు ఇది చక్కగా సరిపోతుంది. పచ్చడికి, పాకం మిఠాయికి పనికిరాదు, తడికి నిలవదు. పొట్లాల మీద కాగితం పెట్టె తప్పకుండా ఉండాలి, చేతులు తగిలినదాన్ని తినకూడదు కదా.

పొరల మధ్య బటర్ పేపర్ వేసి మూత గట్టి డబ్బాలో దాచు. ఎంత దాచినా నాళ్లు గడిచేకొద్దీ స్టార్చ్ బిగుసుకుని పొర పెళుసవుతుంది, కాబట్టి ఆ వారానికి కావలసినంతే చేసుకో.

మీ పెద్దమ్మ