తొడల్లో సత్తువ గురించి తమ్ముడికి

పర్లాకిమిడి

తమ్ముడూ,

పీట మీంచి లేవాలంటే నేలకి చెయ్యి ఆనిస్తున్నావని మరదలు ఫోన్లో చెప్పింది. అడిగితే "వయసు కదా, అయినా రోజూ వంశధార ఒడ్డు దాకా నడుస్తున్నానుగా" అంటున్నావట. నడక మానకు, గుండెకీ సుగరుకీ మంచిది. తొడల్లో సత్తువకి మాత్రం అదొక్కటీ చాలదు.

బడిలో చెప్పిన పాఠమే మళ్లీ చెబుతున్నాను, ఓపిక పట్టు. కండ బిగిసినా సడలినా ఖర్చయ్యేది ఏటీపీ, అంటే కణాలకి శక్తినిచ్చే పదార్థం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో దాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టాడు. కండలో దాని నిల్వ కొద్ది సెకన్లకే సరి. ఆ పైన మరికొన్ని సెకన్లు ఆదుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ని గుర్తించిందీ సుబ్బారావు, ఫిస్కేలే, 1927లో. ఎక్కువసేపు సాగే పనికి, కణాల్లో ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియా ఉండాలి. వయసు మీరి, కదలికా తగ్గితే అవి తగ్గుతాయి, ఉన్నవీ మందగిస్తాయి.

ముప్పై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండ పోతుందని లెక్క, అరవై తర్వాత ఇంకా జోరుగా. ముందు సన్నబడేవి వేగంగా బిగిసే పోగులు. గబుక్కున లేవాలన్నా, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాలన్నా అవే దిక్కు. నిదానపు నడక వాటిని పలకరించను కూడా పలకరించదు, బరువు పడితేనే పలుకుతాయి. బోస్టన్‌లో తొంభై ఏళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో అచ్చయింది. నీకింకా డెబ్బై రాలేదు!

గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చో. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. రోజు విడిచి రోజు, ఎనిమిదేసి చొప్పున రెండు మూడు విడతలు చెయ్యి. కూర్చునేటప్పుడు దబ్బున పడకు, మెల్లగా దిగు. ఊపిరి బిగబట్టకు, బీపీ ఎగురుతుంది. అది తేలికయ్యాక చిన్న బియ్యం సంచి ఎత్తుకుని లే. గుండెల్లో పట్టేసినట్టుంటే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లు.

తిండి సంగతి. పొద్దున్న చోడి (రాగి) అంబలి, రెండు పూటలా చారన్నం అంటే కండకి దొరికేది తక్కువ. నీ వయసులో కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల ఉలవల్లో 20 పైనే ఉంటాయి. పప్పు చిక్కగా వండమను, చేప మానకు. డబ్బా పొడులమ్మే కుర్రాడు మీ వీధికీ వస్తాడు, వాడి మాటలకి పడిపోకు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇక్కడికి ఎంతో దూరం లేదు కాబట్టి ప్రోటీన్ పెంచే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించు. కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టాకే ఒళ్లు నొప్పులు వచ్చుంటే ఆ మాటా డాక్టరుకి చెప్పు, నీ అంతట నువ్వు మాత్ర ఆపకు. రిపోర్టు రాగానే మరదలి చేత ఫొటో పెట్టించు.

మీ అప్ప