పరుగు ఒక్కరి లాభమేనా?

ప్రశ్న: నా వయసు 42. మేము గాజువాకలో ఉంటాము. ఆరు నెలలుగా వారానికి మూడు రోజులు తెల్లవారుజామున అరగంట పరిగెడుతున్నాను, షుగరు కొంత అదుపులోకి వచ్చింది. మా మామగారు మాత్రం "ఇంటిపనిని మించిన వ్యాయామం ఏముంది? మోకాళ్లు అరిగిపోతాయి. అయినా నీ పరుగు వల్ల ఊరికి ఒరిగేదేమిటి?" అంటారు. ఆయన మనసు నొచ్చుకోకుండా ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ మామగారి మొదటి మాటలో సగం నిజం ఉంది. లండన్‌లో రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. అంటే పనిలో ఉన్న కదలిక కూడా మేలు చేసేదే. అయితే పొయ్యి దగ్గర నిలబడడం ఒళ్లు నొప్పులు తెచ్చేంత శ్రమే అయినా, గుండె వేగాన్ని పరుగంతగా పెంచదు. తీవ్రమైన వ్యాయామమైతే వారానికి కనీసం 75 నిమిషాలు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీరు దానిని ఇప్పటికే దాటారు. పరిగెత్తేటప్పుడు కండరాలు ఇన్సులిన్ మీద ఆధారపడకుండానే రక్తంలోని చక్కెరను తీసుకోగలవు కనుక మీ షుగరు తగ్గడంలో వింత లేదు.

మోకాళ్ల విషయానికి వస్తే, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల మీలాగా మితంగా పరిగెత్తేవారిలో సుమారు 3.5 శాతం మందికి, పరిగెత్తనివారిలో సుమారు 10 శాతం మందికి ఉన్నట్లు తేలింది. నొప్పి ఉన్నవారు ముందే పరుగు మానేస్తారు కాబట్టి ఈ తేడా అంతా పరుగు చలవే అనలేము, కానీ మితమైన పరుగుకు భయపడనక్కరలేదని మాత్రం చెప్పవచ్చు.

ఆయన చివరి ప్రశ్నే అసలైనది. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగు తరువాత స్త్రీలు అలసిపోయారన్న నెపంతో ఆ పోటీని 1960 వరకు వారికి లేకుండా చేశారు, మారథాన్‌కు 1984 దాకా ఆగవలసి వచ్చింది. ఎవరో ఒకరు పరిగెత్తి చూపించిన తరువాతనే ఇటువంటి అపోహలు పోయాయి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2024లో పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారతీయురాలయింది. అంత దూరం పోనక్కరలేదు: చీకటి విడవకముందే మీ వీధిలో ఒక గృహిణి నిర్భయంగా పరిగెత్తితే, రేపు పక్కింటి ఆడపిల్లను పంపడానికి ఆ తల్లి అంతగా జంకదు. జనం తిరిగే వీధి క్షేమం. ఉదయం వాహనాలను ఆపి బీచ్ రోడ్డును నడిచేవారికీ పరిగెత్తేవారికీ వదిలినప్పుడు పొందుతున్నదీ ఆ భరోసానే. గాజువాకకూ అటువంటి రోడ్డు ఒకటి కావాలని అడగడానికి పరిగెత్తేవారికి మించిన హక్కుదారులు ఎవరు? ఏడాదికొకసారి టీషర్టులు పంచే పరుగు పండుగల కంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఒక జాగ్రత్త. మన తీరపు ఉక్కలో చెమట తొందరగా ఆరదు, ఒళ్లు వేడెక్కుతుంది, కాబట్టి ఎండెక్కకముందే ముగించండి. షుగరు మాత్రలు వాడుతుంటే వాటి మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి, కళ్లు తిరిగితే వేసుకోవడానికి కాస్త గ్లూకోజు పొడి వెంట ఉంచుకోండి.