స్లాబుకు సున్నం వేయకుండా ఏసీ కొనకండి

"ఇంట్లో కరెంటు తక్కువ కాలాలి, పర్యావరణానికీ మేలు జరగాలి. ముందు సోలార్ పెట్టించాలా, ఫైవ్ స్టార్ ఏసీ కొనాలా?" అని అడిగారు. నల్లగొండలో ఇల్లు కట్టుకుని ఎనిమిది ఎండాకాలాలు గడిపినదాన్ని. ముందు ఆ రెండూ వద్దు. స్లాబుకు సున్నం వేయండి.

మా దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. పగలంతా స్లాబు పట్టుకున్న వేడి రాత్రికి గదిలోకి దిగుతుంది. ఫ్యాన్ వేస్తే ఆ సెగనే మన మీదికి తోస్తుంది. కొత్తింట్లో మొదటి మే నెలలో మా అత్తమ్మ మంచం వరండాలోకి లాక్కుంది. "మా మట్టిమిద్దె కింద సల్లగ పండేటోళ్లం. ఇన్ని లక్షలు పోసి పొయ్యి కట్టిన్రు గదనే" అంది. అప్పు తెచ్చి కట్టిన ఇల్లు కదా, ఆ మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేస్త్రి చెబితే గడ్డ సున్నం తెచ్చాం. రాత్రి డ్రమ్ములో నీళ్లు పోస్తే సలసల ఉడికింది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానీయకండి, కళ్లల్లో పడితే ప్రమాదం. తెల్లారి పాత చీరతో వడగట్టి, జిగురు కలిపి, ఎండ ముదరకముందే రెండు కోటింగులు వేశాం. తెచ్చిన సున్నం సగం స్లాబుకే అయిపోయింది. మధ్యాహ్నం అత్తమ్మ వడియాలు తీయడానికి చెప్పుల్లేకుండా పైకెక్కింది. తెల్లగా ఉన్న వైపు నింపాదిగా కూర్చుని ఏరుకుంది. నల్లబడ్డ సిమెంటు మీద కాలు పెట్టగానే "అవ్వో!" అని వెనక్కి దుంకింది. "బిడ్డా, ఆ సగం గూడ ఇయ్యాల్నే కానియ్యి" అంది. మిగతా సగం కూడా అయ్యాక రెండో రోజే ఆమె మంచం లోపలికి వచ్చింది.

వానలకు సున్నం కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. పగుళ్లుంటే ముందు పూడ్పించండి.

2023లో మన తెలంగాణ రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఇంటి పైకప్పు వేడి పట్టకుండా చూసుకోవాలని. ఇళ్లలో 600 గజాలు, ఆపై స్థలం ఉన్నవాటికే తప్పనిసరి చేశారు. నూట యాభై గజాల్లో ఇరుక్కున్న మాలాంటివాళ్లకే కదా ఇది ఎక్కువ అవసరం! ఇంకో బాధ ఏమిటంటే, ఎలివేషన్ కనబడటం లేదని పడమటి వేపచెట్టు నరికించి, ఆ గోడకే పెద్ద అద్దాల కిటికీ పెట్టి, తర్వాత రెండు ఏసీలు కొంటున్నారు. మా వీధిలోనే మూడు చెట్లు పోయాయి.

సున్నం తర్వాత ఫ్యాన్లు మార్చండి. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. నాలుగు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు మిగులుతాయి. గృహజ్యోతి ఉచిత కరెంటు కోసం 200 యూనిట్ల లోపు ఉండాలని టెన్షన్ పడేవాళ్లకు ఇది చిన్న లెక్క కాదు.

సోలార్ ఆ తర్వాత పెట్టించుకోండి. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కరెంటు వాడకం తగ్గించాక చూసుకుంటే, చాలా ఇళ్లకు అంత పెద్దది అక్కర్లేదు. మేం 2 కిలోవాట్లతో సరిపెట్టుకున్నాం. సోలార్ పలకల కింద పడే నీడలో కూడా ఏటా సున్నం వేస్తూనే ఉన్నాం.